కార్వేటినగరమున కడపటి పాట

పుత్తూరు నుండి పడమటి దెసకు సాగు బస్సు మామిడితోపుల నడుమ వంపులు తిరిగి కార్వేటినగరము చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. ఒకనాడు సంస్థానమై, కవిగాయకులకు నెలవై, నేడు మండలకేంద్రముగా మాత్రమే లెక్కకు వచ్చు ఈ యూరికి సంగీతము క్రొత్తది కాదు. వేణుగోపాలస్వామిపై పదములు రచించి, ఈ సీమ పలుకుబడులను, ఎత్తిపొడుపులను రాగములలో పొదిగిన సారంగపాణి యిచటివాడు. వర్ణరచనలో పేరుగాంచిన గోవిందసామయ్యయు ఈ నగరమువాడే. స్వామిని దర్శించి, స్కందపుష్కరిణి రాతిమెట్లపై కొంతసేపు కూర్చున్న పిమ్మట, నేను వెదకివచ్చిన పాటకై భజనగుడి వైపు నడచితిని. అది సభలో వినబడు పాట కాదు. ప్రాణము పోవుచున్న మనిషి మంచము చెంత పాడునది.

అవసానకాలమున శ్రవణము మన దేశమున ప్రాచీనాచారము. ఏడుదినములలో మృత్యువు తప్పదని తెలిసిన పరీక్షిత్తు గంగాతీరమున కూర్చొని శుకుని నోట భాగవతమును వినెను. ఇచటికి దూరము కాని తిరుత్తణిలో తొలికృతిని పాడిన ముత్తుస్వామి దీక్షితులు, 1835లో ఎట్టయపురమున, శిష్యులు తన మీనాక్షీకృతిని పాడుచుండగా కన్నుమూసెనని సంప్రదాయము చెప్పును. ఆ యూరనే 1904లో తెలుగు లిపిలో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఆ పరంపర కృతులను మనకు కాపాడియిచ్చెను. రాజునకు శుకుడును, వాగ్గేయకారునకు శిష్యులును దొరకిరి. పల్లెలోని సేద్యగానికి, నేతగానికి, కూలికి ఎవరు పాడుదురను ప్రశ్నయే నన్ను ఈ యూరికి రప్పించినది.

భజనగుడిలో హార్మోనియము, కంజిర, తాళములు గోడవారగా సర్దియుండెను. నన్ను చాపపై కూర్చుండబెట్టి మాటలాడిన వృద్ధుడు సేద్యముపై బ్రతికినవాడు. యౌవనమున వీధినాటకములలో వేషము కట్టి పద్యములు పాడినవాడు. ఏ యింటనైనను కొనఊపిరితో మనిషి యున్నాడని కబురు వచ్చినచో ఆయన ఒంటరిగా పోవును. వాద్యము లేవియు వెంట గొనిపోడు. కారణమడుగగా, “పద్యానికి తాళం లేదు గదా సామీ! తాళం పెడితే పడుకున్నాయన మన యెనక పరిగెత్తాల. పద్యమైతే మనమే ఆయన ఊపిరి యెనక పోవచ్చు” అనెను.

తాళమునకు కట్టువడిన కీర్తన ఎంత మధురమైనను దాని నడక ముందుగానే నిర్ణీతమై యుండును. ఒకమారు వేగిరపడుచు, ఒకమారు నిలిచిపోవుచు, ఇక రాదనుకొన్నప్పుడు మరల తిరిగివచ్చుచు ఉండు శ్వాసతో ఆ నడకకు పొత్తు కుదరదు. పద్యమునకో, పాదాంతమున రాగమును సాగదీయుటకును, నడుమ నిలుపుటకును, నిలిపిన చోటినుండి తొందరలేక అందుకొనుటకును ఎల్లప్పుడు స్వేచ్ఛ గలదు. ఆయన తలాపున మూరెడు ఎడముగా కూర్చొని, రోగికి చిరపరిచితములైన గజేంద్రమోక్షపద్యములను మంద్రస్థాయిలో ఎత్తుకొనును. ఉచ్ఛ్వాసమున ఊరకుండి నిశ్వాసమున పాదమును విడుచును. మాటలను గ్రహించు శక్తి సన్నగిల్లినదని తోచినప్పుడు పద్యమును వదలి నామమునకును, నామమును వదలి వట్టి రాగమునకును దిగును. నుదురు ముడివడినను, చేయి దుప్పటిని లాగినను పాట ఆపును. “వద్దనిపిస్తే ఆ ముడతే చెప్తాది” అని ఆయన వివరణము.

ఈమధ్య కొన్ని యిండ్లలో మంచము ప్రక్కన స్పీకరు పెట్టి భక్తిగీతములను రేయింబవళ్ళు మ్రోగించుచున్నారట. ఆయన అడుగుపెట్టినంతనే చేయు తొలిపని దానిని కట్టివేయించుట. ఆగవలసిన చోటు యంత్రమునకు తెలియదని ఆయన ఫిర్యాదు. అటుపిమ్మట కూతురిచే పాదములు ఒత్తించును, కోడలిచే తులసితీర్థముతో పెదవులు తడిపించును, మనుమలచే నామమును మెల్లగా అనిపించును. ఏమి చేయవలెనో తెలియక గోడల వెంబడి నిలుచు బంధువులకు చేయదగిన పని యొకటి లభించుటయే వారి దుఃఖమునకు తొలి యూరట యని నాకు తోచినది.

ఇంచుమించు ఇట్టి నియమమునే అమెరికాలో థెరీస్ ష్రోడర్-షేకర్ అను హార్ప్ వాద్యకారిణి విద్యగా మలచెను. మధ్యయుగమున క్లూనీ మఠవాసులు మరణాసన్నులైన తోటి సన్న్యాసులకై చేసిన గానమునుండి ప్రేరణ పొంది, ఆమె 1992లో మాంటానా రాష్ట్రపు మిసూలా పట్టణమున ఒక ఆసుపత్రి ఆశ్రయముతో శిక్షణ నారంభించెను. అచటను వాద్యము శ్వాసనే అనుసరించును. భేదమొక్కటి గలదు: తెలిసిన పాట జ్ఞాపకములతో కట్టివేయునని ఆ మార్గమువారు తరచు అపరిచిత సంగీతమునే మేలెంతురు, మన వృద్ధుడు చిన్ననాటినుండి చెవినబడిన పద్యమునే కోరును. గజేంద్రుని కథ విడుదలను గూర్చిన కథయే కావున, ఇచట పరిచయమే వదలుటకు తోడగుచున్నది కాబోలు. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, స్పందన కోల్పోయిన కొందరు మరణాసన్నుల మెదడు సైతము స్వరములలోని మార్పును గుర్తించుచున్నట్లు ప్రకటించిరి. వారు విన్నదానిని గ్రహించుచున్నారో లేదో ఆ పరిశోధన తేల్చలేదు.

ప్రాణము పోయిన పిమ్మట పాట మారును. అప్పుడు హార్మోనియము, కంజిర, తాళములు ఇంటికి వచ్చును. రాత్రియంతయు శవము చెంత తత్త్వములు సాగును. అంతవరకు వర్జ్యమైన తాళమే ఇప్పుడు బ్రతికియున్నవారిని మేల్కొలిపి ఒకచోట నిలుపును. మరునాడు పలకల మ్రోత ఊరిని వీథిలోనికి పిలుచును. తమిళసీమ పొలిమేరలలో పెద్దకర్మనాడు కర్ణమోక్షము వీధినాటకమును ఆడించువారును గలరు. తమ యింటివానికై కన్నీరు రానివారు సైతము కర్ణునికై ఏడ్చి తేలికపడుదురు.

పాట నొప్పికి మందని ఈ వృద్ధుడు చెప్పుకొనడు. “నొప్పుంటే ముందు డాక్టరు, ఆనక నేను” అనును. మార్ఫిను వైద్యావసరములకు సులభముగా లభించుటకై 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించిరి; హైదరాబాదున స్పర్శ్ హాస్పిస్ వంటి ఉపశమన గృహములు వెలసినవి. కాని పల్లెలలో నొప్పికి మందు నేటికిని దూరమే. మందు చేరని యింట పాటను మాత్రమే పంపి కర్తవ్యము తీరెననుకొనుట అన్యాయము.

కోలాటమునకును చెక్కభజనకును ఈ యూళ్ళలో పిల్లలు కొల్లలు. వారికి పోటీలును బహుమతులును గలవు. వేదిక లేని ఈ విద్యకు ప్రస్తుతము శిష్యురాలొక్కతెయే, ఆసుపత్రిలో నర్సుగా పనిచేయు యువతి. ఆమె కంఠము సామాన్యమని ఆయనయే ఒప్పుకొనెను. గాయకులైన యువకులు కొందరు ముందు వచ్చి, రాగము వదలలేక, రోగి అలసినను పద్యము ముగించియే లేచిరట. ఈమెకో, ఊపిరిని లెక్కించుట ఉద్యోగరీత్యా ముందే అలవడినది. అట్టివారికి నాలుగు పద్యములు నేర్పుట తనకు ఒక్క వేసవిలో అగు పనియని ఆయన ధీమాగా చెప్పెను.