మావయ్యగారి చేపలూ... ఓ చిన్న పంపూ!

చేపల తొట్టె ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, చేపల్ని పెంచడమంటే సగం నీళ్లు మోయడమే. మా హాల్లో ఉన్నది మూడడుగుల తొట్టె. దాదాపు 160 లీటర్లు పడుతుంది. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. వాటికి తిండీ ఎక్కువే, చెత్తా ఎక్కువే. ఎంత మంచి ఫిల్టరైనా ఆ చెత్తలోని అమ్మోనియాని నైట్రేటుగా మార్చగలదేగానీ నైట్రేటుని బయటికి పంపలేదు. అందుకే వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. అంటే రెండు పెద్ద బకెట్లు బయటికి, రెండు లోపలికి.

ఏళ్ల తరబడి ఈ పని మా మావయ్యగారిదే. అత్తయ్య పోయాక ఆయన ఎక్కువగా కబుర్లు చెప్పేది ఆ చేపలతోనే. నడుం నొప్పికి డాక్టరుగారు బరువులెత్తొద్దన్నాక ఓ రాత్రి భోజనాల దగ్గర ‘ఎవరికైనా ఇచ్చేద్దామమ్మా వాటిని’ అన్నారు, కంచంలోంచి తలెత్తకుండా. మేం పోస్తామంటే ఒప్పుకోరు. తన పని ఇంకొకరి మీద పడటం ఆయనకి నచ్చదు. దాంతో పంపు వెతకడం నేను నెత్తినేసుకున్నా.

నీళ్లు తీయడానికి పంపు అక్కర్లేదు. ప్లాస్టిక్ పైపు నిండా నీళ్లు పట్టి ఒక కొస తొట్టెలోనూ రెండోది పల్లంలో ఉన్న పెరట్లోనూ పెడితే వాటంతటవే వెళ్లిపోతాయి. మా మందారాలకి అదే ఎరువు. చిక్కల్లా మళ్లీ పోయడంతోనే.

షాపులో ముందు చూపించింది కూలర్ పంపు. అట్టపెట్టె మీద ఎత్తు 1.85 మీటర్లని ఉంది. మా తొట్టె అంచు నేల నుంచి నాలుగడుగుల పైచిలుకు, సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ ఆ అంకె నీళ్లు ఆగిపోయే ఎత్తు! అక్కడ చుక్క కూడా పడదు. ఆ ఎత్తుకి దగ్గరయ్యేకొద్దీ ధార సన్నబడుతుంది. గంటకి ఇన్ని లీటర్లని రాసేది కూడా ఎత్తు లేనప్పటి లెక్కే. అందుకే 2.5 మీటర్లు, గంటకి 1800 లీటర్లు అని ఉన్నది తీసుకున్నా. మా ఎత్తులో సుమారు సగం వస్తుంది. 40 లీటర్లకి మూడు నిమిషాలు. ఇంతకంటే ఏం కావాలి? మేడ మీది ట్యాంకుకి వాడే అరహెచ్‌పీ మోటారైతే గులకరాళ్లతోపాటు చేపలూ గిరగిరా తిరుగుతాయి.

ఆయిల్ నింపిన మోటారు మాత్రం వద్దన్నాను. లీకైతే ఆ నూనె చేపల నీళ్లలోకే.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి శనివారమే ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి మూత తీసి ఉంచుతాం. చేపల షాపుల్లో దొరికే క్లోరిన్ మందు చుక్కలూ వేస్తాం. రాత్రంతా ఇంట్లోనే ఉండటంతో ఆ నీళ్ల చల్లదనం కూడా తొట్టె నీళ్లకి దగ్గరగా వస్తుంది. పొద్దున్నే పంపుని డ్రమ్ములోకి దించడమే. పైపు కొసని తొట్టె నీళ్లలో మునగనివ్వకూడదు. మునిగితే స్విచ్చి ఆపగానే తొట్టెలోని నీళ్లు అదే దారిలో వెనక్కి డ్రమ్ములోకి వచ్చేస్తాయి. వైరుని కూడా ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలి, అక్కణ్నుంచి పైకి తీసుకెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారే తడి ప్లగ్గు దాకా పోకుండా కిందే బొట్లుబొట్లుగా కారిపోతుంది. డ్రమ్ము ఖాళీ అయ్యాక పంపుని ఉత్తినే తిరగనిస్తే తొందరగా పాడవుతుంది. అందుకే అడుగున నాలుగు వేళ్ల నీళ్లుండగానే ఆపేస్తాం.

చేపల్ని ఇచ్చేసే మాట మళ్లీ రాలేదు. ఆదివారం పొద్దున కాఫీ అవగానే మావయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చుని పైపు కొస పట్టుకుంటారు. స్విచ్చి దగ్గర నేను. అయిపోయాక ‘ప్లగ్గు పీకేశావా అమ్మా?’ అని రెండుసార్లు అడిగిగానీ డ్రమ్ములో చెయ్యి పెట్టరు.