పక్క కన్నే సాక్షి

ఓసీటీ అనే కంటి స్కాను రిపోర్టు చేతికి రాగానే ఎవరి చూపైనా ముందు రంగుల మీదికే పోతుంది. పచ్చరంగు కనబడితే కుదుటపడతారు, ఎరుపు కనబడితే డీలాపడతారు. కంటి స్కాన్లు తీసే పనిలో నాకు ఎక్కువ నేర్పినవి ఏ జబ్బూ లేని కళ్లు. వాటిలో ఉన్నంత వైవిధ్యం రిపోర్టులోని పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఇమడదు.

మేము కొలిచేది రెటీనాలోని నాడీ తంతువుల పొర. రెటీనా నలుమూలల నుంచీ దాదాపు పది లక్షల తంతువులు వచ్చి కంటినరంలో కలుస్తాయి. ఆ నరం మొదలు చుట్టూ సుమారు మూడున్నర మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయం వెంట మిషను పొర మందాన్ని కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సగటు 90 నుంచి 100 మైక్రాన్లు, ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటోల బృందం 1991లో ఈ విధానాన్ని ప్రకటించింది. కంటిని తాకకుండా, వట్టి వెలుతురుతో ఇంత సన్నని పొరను కొలవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఒకే కంట్లో కూడా ఈ పొర పైనా కిందా దళసరి, ముక్కువైపూ కణతవైపూ పలచన. పదేళ్లకు సుమారు 2 మైక్రాన్లు వయసే తినేస్తుంది. మైనస్ పవర్ ఎక్కువుంటే కనుగుడ్డు పొడవుగా ఉంటుంది. అలాంటి కంట్లో కొలత తక్కువ వస్తుంది, దళసరి భాగాలు కణతవైపు జరుగుతాయి. ఈ పవర్ సంగతి మిషనుకు పట్టదు. తన దగ్గరున్న పట్టికతో పోల్చి, ఆ వయసువాళ్లలో అట్టడుగు 5 శాతంలో పడితే పసుపు, 1 శాతంలో పడితే ఎరుపు వేస్తుంది. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో ఒకరికి ఎరుపు రావడం ఆ లెక్కలోనే ఉంది. బాగా వాడుకలో ఉన్న ఒక మిషను పట్టికను కట్టింది 284 మందితో. వాళ్లలో మన దేశంవాళ్లు బహు తక్కువ.

పవర్ ఎక్కువున్న ఒక కుర్రాడి రిపోర్టు ఎర్రగా వస్తే, వాళ్లమ్మ నా చేయి పట్టుకుని "మావాడికి చూపు పోతుందా తల్లీ?" అంది. రెండు కళ్లలో పొర మందాన్ని చూపే గీతలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎత్తులు రెండింటిలోనూ ఒకే తీరున జరిగాయి, సగటులు దాదాపు సమానం. డాక్టరుగారు నరం చూసి, చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్టు చేయించి, జబ్బేమీ లేదు, ఏడాదికి రమ్మన్నారు.

బయటి పట్టిక కన్నా పక్క కన్ను నమ్మకమైన సాక్షి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు ఉండవు కానీ, సగటుల తేడా 9 మైక్రాన్లు దాటడం అరుదు. ఒక కంట్లో 104, రెండో కంట్లో 91 ఉన్నాయనుకోండి. రెండూ పచ్చగానే కనిపించవచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి. రెండు కళ్ల పవర్లు బాగా వేరైతే కారణం అదే కావచ్చు. లేకపోతే కంటినరాన్ని దెబ్బతీసే గ్లకోమాను అనుమానించాల్సిందే.

నన్ను ఎరుపు కన్నా పచ్చరంగే ఎక్కువ కలవరపెడుతుంది. 110 నుంచి 95కి జారిన కన్ను ఇంకా పచ్చగానే ఉంటుంది. నొప్పి తెలియదు, చూపు తగ్గినట్టూ అనిపించదు. 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో, గ్లకోమా బయటపడినవాళ్లలో అత్యధికులకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

అందుకే అడుగుతున్నాను: అన్నీ బాగున్నాయని చెప్పిన మొదటి రిపోర్టును పారేయకండి. తర్వాతి స్కాను వీలైతే అదే రకం మిషను మీద తీయించుకుని, పాతదాన్ని కూడా డాక్టరు ముందు పెట్టండి. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా గ్లకోమా ఉంటే, చూపు తగ్గేదాకా ఆగకుండా కళ్లు చూపించుకోండి.