జగిత్యాల నుండి సిరిసిల్లకు: ఇంటికి తగిన కారు

కారు కొనవలెననగానే ఇంటిలోని పురుషులు దాని వేగమును, రంగును గూర్చి ముచ్చటింతురు. అందులో నేమేమి పట్టవలెనో యెరిగినవారు మాత్రము ఇల్లు సర్దుకొను స్త్రీలే. ఈ సంగతి మొన్నటి మాఘమాసములో మేము జగిత్యాల నుండి కోరుట్ల మీదుగా సిరిసిల్లకు పోయినప్పుడు చక్కగా తెలిసివచ్చినది.

మా అత్తగారు కోరుట్లలో బావగారి యింట నున్నారు. మోకాళ్ల నొప్పులచే చక్రముల కుర్చీ లేనిదే ఆమెకు సాగదు. మా చిన్న ఆడుబిడ్డ సిరిసిల్లలో లంగాలు కుట్టించి, మూటలు కట్టి, జగిత్యాల దుకాణములకు పంపుచుండును. తల్లి యా కుమార్తె యింట అడుగుపెట్టి రెండేండ్లు గడచినవి. బస్సెక్కలేరు; ఆటోలో అంతదూరము కూర్చుండలేరు. అందుకే కూడబెట్టిన సొమ్ముతో కారు కొన నిశ్చయించితిమి. మా వారికి డిక్కీ వేరుగా నుండు సెడాన్‌పై మనసు. కొనుటకు ముందు అట్టిదానినే ఒక స్నేహితుని యొద్ద ఎరువు తెచ్చుకొని బయలుదేరితిమి.

జగిత్యాల కోట నక్షత్రాకారమున, చుట్టును అగడ్తతో నున్నది. లోపల నెవరుందురో, ఎంత సామగ్రి పట్టవలెనో లెక్కింపక పూర్వులు కోట కట్టియుండరు గదా! మేము మాత్రము ఏ లెక్కయు లేకయే పోతిమి. 63వ నంబరు జాతీయ రహదారి పట్టి కోరుట్ల చేరునప్పటికి చేలలో పసుపు త్రవ్వుచుండిరి. ఉడికించిన కొమ్ములు కళ్లములలో ఎండుచుండెను.

అత్తగారిని కూర్చుండబెట్టుటయే తొలి పరీక్ష. సీటు మిక్కిలి క్రిందుగా నుండుటచే ఆమె కూలబడినట్లు కూర్చుండవలసి వచ్చెను. కుర్చీని మడచి డిక్కీలో పెట్టబోగా, లోపల చోటున్నను నోరు ఇరుకై చక్రము తగులుకొనెను. తుదకు దానిని వెనుక సీటున మా ప్రక్కనే ఆనించుకొంటిమి.

కథలాపూర్, రుద్రంగి, చందుర్తి దాటి వేములవాడ చేరితిమి. మ్రొక్కు చెల్లించుటకు కోడెలను పట్టుకొని భక్తులు పోవుచుండిరి. అత్తగారు కారులో నుండియే చేతులు జోడించి, “దిగి మరల ఎక్కుట నావల్ల కాదు బిడ్డా! రాజన్నకు తెలియదా!” అనిరి. మా వారు మారుమాటాడక బండి నడిపిరి.

సిరిసిల్ల మానేరు ఒడ్డున నున్నది. మరమగ్గములను ఇచ్చట సాంచెలందురు. వాని చప్పుడు వీధి వీధిని వినవచ్చును. 2017 మొదలు కొన్నేండ్లు సర్కారువారు పంచిన బతుకమ్మ చీరెలలో పెక్కు వీనిమీదనే నేయబడెను. ఆడుబిడ్డ నాలుగు మూటలు సిద్ధపరచియుండగా రెండే పట్టినవి. “పోనీ వదినా, మిగిలినవి ఆటోలో పంపెదను. వచ్చు లాభము కిరాయికి సరిపోవును” అని నవ్వినది. ఆ నవ్వు మా మనసున ముల్లువలె నాటినది.

ఆ రాత్రియే ఒక త్రాడు తీసికొని, మడచిన కుర్చీ పొడవునకొక ముడి, మూట వెడల్పునకొక ముడి, అత్తగారు హాయిగా కూర్చుండి లేవగల ఎత్తునకొక ముడి వేసితిమి. “మరల మూడు ముళ్లా!” అని మా వారు పరిహసించిరి. తిరిగివచ్చిన పిదప కార్లమ్ము చోట్లకెల్ల ఆ త్రాడుతోనే పోతిమి.

సోదరీమణులారా! లీటర్ల అంకెను మాత్రమే నమ్మరాదు. 2024లో వచ్చిన డిజైర్ డిక్కీ 382 లీటర్లు, వ్యాగన్‌ఆర్‌ది 341. అంకె చిన్నదైనను రెండవదాని వెనుక తలుపు పైదాక తెరచుకొనును. సీటు మడచిన చోటు పెరుగును. ట్రైబర్‌లో మూడవ వరుస తీసివేసిన 625 లీటర్లు, ఏడుగురు కూర్చున్న 84 మాత్రమే. ఎర్టిగాలో మూడు వరుసలును నిలిపిన 209. కావున ఏడుగురికి చోటున్నంతమాత్రమున వారి సామానునకును చోటున్నదని యెంచరాదు. సి.ఎన్.జి. బండియైనచో సిలిండరు డిక్కీలో నెంత మ్రింగునో చూడవలెను.

సామాను పెట్టుటయందును జాగ్రత్త వలయును. బరువైనది అడుగున, సీటు వీపున కానించి పెట్టవలెను. సీటు ఎత్తునకు మించి పేర్చినచో వెనుక దారి కనబడదు. బ్రేకు వేసినప్పుడు ముందువారిపై బడును. నిండు బరువునకు టైర్లలో గాలి యెంత యుండవలెనో డ్రైవరు తలుపు వద్ద చీటిపై వ్రాసియుండును.

మా మూడు ముళ్లకును సరిపడినది వ్యాగన్‌ఆర్. మా వారు సెడాన్ వైపు ఒకమారు చూచి, నిట్టూర్చి, బయానా ఇచ్చిరి. వెనుక సీటులో ఒక భాగమును మడచి కుర్చీని, నాలుగు మూటలను సర్ది, రెండవ భాగమున మేము కూర్చుంటిమి. ఫాల్గుణమున అత్తగారు వేములవాడలో దిగి, దర్శనము చేసికొని, ఎవరి చేయియు పట్టక మరల ఎక్కిరి. ఆ త్రాడిప్పుడు ఆడుబిడ్డ మూటలకు కట్టుగా నున్నది.