గొట్టానికీ వయసు మీద పడుతుంది!

పాతబస్తీలో పేట పేరు వింటే చాలు, ఒకప్పటి నీళ్ల సంగతి తెలిసిపోతుంది. దూద్‌బౌలి, హరిబౌలి... బౌలి అంటే బావి. ఇప్పుడు పేర్లే మిగిలాయి. నీళ్లు మాత్రం చాలాకాలంగా గొట్టాల్లోనే వస్తున్నాయి. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో జలాశయాల ఆలోచన రూపుదిద్దుకుంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపేందుకు కట్టినవే నగరం దాహమూ తీర్చాయి. తర్వాత మంజీరా వచ్చింది, 2004లో కృష్ణా వచ్చింది. నది మారింది కానీ చాలా ఇళ్లలో గొట్టం మారలేదు. తాత వేయించిందే మనవడి కాలంలోనూ నీళ్లు మోస్తోంది.

ఆ గొట్టం సాధారణంగా జీఐది. అంటే ఇనుము మీద జింకు పూత. పూత ఉన్నన్నాళ్లూ ఢోకా లేదు. అది అరిగాక తుప్పు మొదలవుతుంది... అదీ లోపలి నుంచి. పైకి నిక్షేపంగా కనిపిస్తూనే లోపల గడ్డలు కడుతుంది. బొటనవేలంత దారి పెన్సిలంత అవుతుంది. నలభై, యాభై ఏళ్లు దాటిన జీఐ గొట్టాన్ని అనుమానించాల్సిందే.

అయితే గొట్టం చెప్పాపెట్టకుండా చెడిపోదు. నీళ్లు వదిలిన వెంటనే మొదటి చెంబు ఎర్రగా వచ్చి, కాసేపటికి తేటపడుతోందా? పక్కింట్లో ఆ ఇబ్బంది లేకపోతే లోపం ఇంటి గొట్టంలోనే. వీధి మొత్తానికీ అలాగే వస్తుంటే జలమండలికి చెప్పాలి. గేటు దగ్గర ధార బాగుండి వంటింటికి వచ్చేసరికి సన్నబడుతోందా? ముందు కొళాయి విప్పి చెత్త అడ్డుపడిందేమో చూడాలి. అదీ కాకపోతే గొట్టం పూడుకుపోయినట్టే. ఒకచోట కారుతుంటే అతికించి, ఆర్నెల్లకే మరోచోట అతికించాల్సి వస్తే ఇక అతుకులతో పని జరగదు.

గోడ కూడా చెబుతుంది. వానాకాలంలో చెమ్మ వస్తే పైకప్పును అనుమానించవచ్చు. నడి మే నెలలోనూ ఒకేచోట గోడ తడిగా ఉంటే మాత్రం గొట్టాన్నే చూడాలి. సున్నంతో కట్టిన పాత గోడలకు ఈ చెమ్మ మరీ చేటు. అనుమానం తీరాలంటే రాత్రి ట్యాంకులో నీటిమట్టానికి గీత పెట్టి, కొళాయిలన్నీ కట్టేసి, తెల్లారాక చూసుకోవాలి. మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

నీళ్లు వృథా కావడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. అసలు భయం వేరే ఉంది. నీళ్లు వేళకే వదిలే ఊళ్లో మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఏ చిల్లు ఉన్నా బయటి మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే అదే బిందెలోకి వస్తుంది. సరఫరా లైనుకే మోటారు తగిలించి లాగితే మురుగును చేతులారా పిలిచినట్టే. మూసీకి ఆవలి ఒడ్డున భోలక్‌పూర్‌లో 2009 మేలో కలుషిత నీరు తాగి పలువురు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే నీళ్లు వాసన వస్తే ఆ పూటే తాగడం ఆపి, జలమండలి 155313కు ఫోన్ చేయాలి.

ఇంత తెలిసీ మార్చరెందుకు? పాతబస్తీలో చాలా ఇళ్లు అన్నదమ్ముల ఉమ్మడి. ఒకే కనెక్షన్, నాలుగు వంటిళ్లు. తవ్వాలంటే పెద్దాయన వాటాలో నేల పగలాలి, చిన్నాయన వాటాలో గోడ పగలాలి. ఖర్చు ఎవరిదంటే అందరూ పక్కవాళ్ల వైపు చూస్తారు. ‘పంపకాలయ్యాక చూద్దాంలే’ అంటూ ఏళ్లు గడిచిపోతాయి.

నిజానికి గోడలన్నీ పగలగొట్టనక్కర్లేదు. పాత గొట్టాన్ని రెండువైపులా మూసి అలాగే వదిలేసి, కొత్తది గోడ వెంబడి బయటినుంచి తీసుకెళ్లొచ్చు. చన్నీళ్లకు యూపీవీసీ, వేణ్నీళ్లకు సీపీవీసీ. ఎండ నేరుగా పడేచోట రంగు వేయాలి. డబ్బు ఒకేసారి కుదరకపోతే వీధి నుంచి సంపు వరకూ ఉన్న ముక్కను ముందు మార్చాలి. మురుగు పక్కన నానేది అదే. కొత్తది మురుగు కాలువకు దూరంగా, దానికన్నా ఎత్తులో వేయించాలి. మరో జాగ్రత్త... కొన్ని పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగును నీళ్ల గొట్టానికే కలిపేవారు. ప్లాస్టిక్ గొట్టం వేయగానే ఆ రక్షణ పోతుంది. ప్లంబర్‌కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఇల్లు రేపు నాలుగు వాటాలు కావచ్చు. ఈరోజు మాత్రం నాలుగు వాటాల పిల్లలూ తాగేది ఆ ఒక్క గొట్టంలోని నీళ్లే!