ఎనిమిది గళ్ళ పువ్వు

2021 సెప్టెంబరులో సర్ క్లైవ్ సింక్లెయిర్ కన్నుమూశారన్న వార్త పేపర్లో ఓ మూల చిన్నగా వచ్చింది. మా బ్రాంచిలో ఆ పేరు విన్నవాళ్ళు నేను తప్ప ఇంకెవరూ లేరు. టీ తాగుతూ ఆ నాలుగు వాక్యాలు రెండుసార్లు చదివాను. సామాన్యుడి ఇంటికి చవగ్గా కంప్యూటరు అందించిన ఇంగ్లండు మనిషాయన. ఆయన గురించి చదువుతుంటే నాకు గుర్తొచ్చింది మాత్రం షోలాపూరులో మా బాపు.

మూడు తరాల కిందట కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూరు చేరిన కుటుంబం మాది. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మందిది ఇదే కథ కాబట్టి ఎక్కువ చెప్పను. బాపు ఓ చద్దర్ల కార్ఖానాలో జకార్డు డిజైన్లు గీసి, అట్టలు కొట్టేవాడు. అవ్వ ఇంట్లో బీడీలు చేసేది. మేనమామ బొంబాయిలో బట్టల మిల్లులో ఉండేవాడు. 1982 జనవరిలో రెండున్నర లక్షల మంది కార్మికులు చేసిన పెద్ద సమ్మె మొదలైంది. అది ముగిసిందని ఎవరూ చెప్పలేదు గాని, మామ ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. కొన్నాళ్ళు ఫౌంటెన్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే స్నేహితుడికి తోడుగా కూర్చున్నాడు. 1984లో పూర్తిగా షోలాపూరు వచ్చేసినప్పుడు ఆయన ట్రంకు పెట్టెలో అమ్ముడుపోని మూడు ఇంగ్లీషు పత్రికలున్నాయి. అన్నీ లండను నుంచి వచ్చిన కంప్యూటరు పత్రికలే.

అప్పుడు నాకు పదహారేళ్ళు. ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆ మూడింటినీ నమిలి మింగాను. పేజీ నిండా ప్రకటన: సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం. 16 కె మెమొరీది 125 పౌండ్లు, 48 కె ది 175. ఆ రోజుల్లో పౌండు 16 రూపాయలకు అటూ ఇటూ ఉండేది. నోటుబుక్కు వెనక గుణించి చూశాను. చిన్నది రెండు వేలు, పెద్దది రెండు వేల ఎనిమిది వందలు. ఇంట్లో ఉన్న టీవీయే దాని తెర, పాటలు వినే టేపు రికార్డరే దాని బీరువా. మాకు రెండూ లేవనుకోండి.

ఆ పత్రికల్లో నన్ను ఎక్కువగా పట్టేసింది ప్రకటన కాదు. ప్రకటన ఆకాశానికెత్తిన యంత్రాన్నే నాలుగు పేజీల తర్వాత సమీక్షకుడు దులిపేసేవాడు. రబ్బరు మీటలు చచ్చిన మాంసాన్ని ముట్టుకున్నట్టున్నాయని ఆ రోజుల్లో అక్కడ అందరూ వేళాకోళం చేసేవారు. డబ్బు పంపి నెలలు గడిచినా యంత్రం రాలేదని పాఠకుల ఉత్తరాలు. డబ్బిచ్చిన కంపెనీని అదే పుస్తకంలో తిట్టొచ్చునా అని నాకు ఆశ్చర్యం. సింక్లెయిర్ కూడా స్కూలు వదిలాక మొదట ఓ రేడియో పత్రికలోనే పనిచేశాడని తర్వాతెప్పుడో తెలిసింది.

మూడింట్లో ఒకటి 'యువర్ కంప్యూటర్'. అంతకుముందు వచ్చిన జెడ్‌ఎక్స్ 81 అనే ఇంకా చవక యంత్రం మీద చదరంగం ఆడించిన ప్రోగ్రాము గురించి అందులో ఉంది. ఆ యంత్రానికున్న మెమొరీ మొత్తం 1 కె. ఆ ప్రోగ్రాము 672 బైట్లలో సరిపోయింది. కోట కట్టడం లాంటి ఒకటి రెండు నియమాలు వదిలేసినా చదరంగం చదరంగమే. ఈ వ్యాసం టైపు చేసిన ఫైలుకు అంతకు ఎన్నో రెట్ల చోటు పట్టింది.

అసలు సంగతి మరో సంచికలో ఉంది. దాని పేరెందుకు గాని, స్పెక్ట్రంలో మన సొంత బొమ్మలు ఎలా తయారుచేసుకోవాలో అందులో రాశారు. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ళ చదరం గీసుకోవాలి. నింపిన గడికి 1, ఖాళీ గడికి 0. ఒక్కో వరుసకు ఒక్కో లైను చొప్పున ఎనిమిది లైన్లు రాస్తే తెరమీద బొమ్మ వస్తుంది. ఉదాహరణకు ఓ పువ్వు గీశారు. పక్కన ఎనిమిది లైన్లు అచ్చువేశారు.

అన్నం తింటున్న బాపుకు ఆ పేజీ చూపించాను. బాపుకు ఇంగ్లీషు అక్షరం రాదు. చెయ్యి కడుక్కుని వచ్చి దీపం దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇది మన గ్రాఫే గదరా. బొక్క ఉన్నకాడ ఒకటి, లేనికాడ సున్నా. గంతే." ఇంకాసేపు చూసి, "ఎనిమిది గళ్ళల్ల పువ్వేం వస్తది, గింజ వస్తది" అని నవ్వాడు. తర్వాత వేలు పెట్టి లైన్లన్నీ ఒక్కొక్కటే దిగుతూ వచ్చి ఆగాడు. "ఆరో వరుస తప్పు. బొమ్మల కాడ సక్కగున్నది. ఈడ ఒక గడి పక్కకు జరిగింది. ఇట్ల కొడితె కాడ ఇరుగుతది."

నాకు నవ్వొచ్చింది. "లండన్ల అచ్చయింది బాపూ, తప్పెట్లుంటది?" అన్నాను. బాపు వాదించలేదు. చెవిమీది పెన్సిలు తీసి ఆ వరుస పక్కన చిన్న గీత గీసి, పడుకోవడానికి వెళ్ళిపోయాడు. చదువురాని మనిషి అచ్చయిన ఇంగ్లీషును దిద్దడమేమిటని నాకు లోపల చిన్నతనంగా కూడా అనిపించింది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

1980ల మధ్యలో పూణేలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వారు లైసెన్సు తీసుకుని అదే యంత్రాన్ని 'డీబీ స్పెక్ట్రం' పేరుతో మనదేశంలో తెచ్చారు. 1987లో నేను బీకాం రెండో ఏడు. చుట్టాల పెళ్ళికి పూణే వెళ్ళాం. పెళ్ళి మర్నాడు బాపు, "నీ మిషన్ ఏ దుకాన్ల దొరుకుతదో చూపియ్యి" అన్నాడు. భిశీ ఎత్తిన డబ్బు రుమాల్లో కట్టి బనీను లోపల పెట్టుకొచ్చాడని నాకప్పుడే తెలిసింది. మామకు ముందే తెలుసట. "మిల్లులు బందయినయి. ఇప్పుడు ఇంటికి మిషన్ తెస్తవా? అది ఎవని కూడు తీస్తదో అడిగినవా?" అని పోట్లాడాడట.

దుకాణంలో యంత్రాన్ని ఓ నలుపు తెలుపు టీవీకి తగిలించి పెట్టారు. అక్కడి కుర్రాడు, "పీ, ఆర్, ఐ అని కొట్టకూడదు, ఇది వేరే రకం" అని మరాఠీలో మొదలుపెట్టాడు. నేను 'పీ' మీట ఒక్కటి నొక్కాను. 'ప్రింట్' అన్న మాట మొత్తం తెరమీదికి వచ్చింది. ఒక్కో మీటకు ఐదారు పనులు. ఏది ఎక్కడుందో పత్రికలోని ఫొటో చూసి మూడేళ్ళుగా అట్టముక్క మీద వేళ్ళాడించినవాణ్ణి. కుర్రాడు నోరు మూసుకుని పక్కకు జరిగాడు. పువ్వు తాలూకు ఎనిమిది లైన్లూ గుర్తున్నాయి. అచ్చులో ఉన్నవి ఉన్నట్టే కొట్టాను. ఆరో వరుస దగ్గర ఓ క్షణం వేలాగింది. అయినా పుస్తకం ప్రకారమే కొట్టాను.

తెరమీద వేలిగోరంత పువ్వు వచ్చింది. కాడ విరిగి ఉంది.

బాపు ఏమీ అనలేదు. తెర దగ్గరకు వంగి చూసి, నా భుజం మీద రెండు వేళ్ళతో తట్టాడు, అంతే. ఆరో లైను మళ్ళీ కొట్టాను. కాడ నిలబడింది.

ధర అడిగాం. చెప్పింది విని బాపు రుమాలు విప్పనే లేదు. "మళ్ళొస్తం" అని కుర్రాడికి చెప్పి బయటకు నడిచాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఆ డబ్బు చెల్లెలి పెళ్ళికి పనికొచ్చింది. షోలాపూరు బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చుని, "మిషన్ మంచిదే. చెప్పినట్టు వింటది. తప్పు చెప్పినా వింటది" అన్నాడు. నేను తల తిప్పుకుని బయటకు చూస్తూ కూర్చున్నాను. క్షమించమని అడగాలని తోచింది గాని, మన ఇళ్ళల్లో తండ్రులను ఎవరు అడుగుతారు?

1991లో బ్యాంకులో చేరాను. అప్పటికి మా బ్రాంచిలో చాంతాడంత లెడ్జర్లే. 1993లో యూనియన్లతో ఒప్పందం కుదిరాక కంప్యూటర్లు మెల్లమెల్లగా లోపలికొచ్చాయి. నా కన్నా పదిహేనేళ్ళు పెద్దవాళ్ళు కీబోర్డు ముందు కూర్చుని చెమటలు పట్టడం చూశాను. వాళ్ళకు నేర్పే పని నా మీద పడింది. మామ అడిగిన ప్రశ్న అప్పుడు రోజూ గుర్తొచ్చేది. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఓ అలవాటు చేసుకున్నాను. లెక్క తేలనప్పుడు ప్రింటులో ఉన్నదే వేదమనుకోకుండా అసలు వోచర్లు దగ్గర పెట్టుకుని వరుస వరుసా చూస్తాను. ఆ ప్రింటు చూసి ప్యూను "అంకె తేడాగా ఉంది సార్" అన్నా ఆగి చూస్తాను.

ఆ రోజుల నాటి పత్రికలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్లో దొరుకుతున్నాయి. సింక్లెయిర్ వార్త చదివిన వారం నేను వెతికి చూశాను. అచ్చుతప్పులుంటే తర్వాతి నెలలో దిద్దుబాటు వేయడం వాళ్ళ పద్ధతి. ఆ తర్వాతి సంచిక ఫుట్‌పాత్ దాటి మా ఇంటికి ఎప్పుడూ రాలేదు గదా. ముప్పై ఏడేళ్ళకు తెరిచాను. దిద్దుబాట్లు రెండున్నాయి. రెండూ వేరే ప్రోగ్రాములవి. పువ్వు సంగతి లేదు.

బాపు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. నా దగ్గరున్న ప్రతి అంచులు పొడిపొడిగా రాలుతోంది. ఆరో వరుస పక్కన పెన్సిలు గీత మాత్రం ఇంకా కనబడుతూనే ఉంది.