చార్లీ ఆడిన హాలు

లండన్ వెళ్ళినవాళ్ళంతా వెస్టెండ్ థియేటర్లకే పరుగెడతారు. నేను చెప్పబోయేది తూర్పు లండన్లో, కాయకష్టం చేసుకునే జనం మధ్య, మేర్ స్ట్రీట్‌లో వున్న హాక్నీ ఎంపైర్ సంగతి. పైన ఎర్రమట్టి గోపురాలు, లోపల బంగారు నగిషీలు... "ఎవరి కోటండీ బాబూ యిది!" అనిపిస్తుంది.

1901లో ఆస్వాల్డ్ స్టోల్ కోసం ఫ్రాంక్ మాచమ్ కట్టిన హాలిది. బాల్కనీల్ని ఉక్కు దూలాల మీద ముందుకి సాచి కట్టడంలో మాచమ్ దిట్ట. నేను కావాలనే అన్నిటికన్నా పై అంతస్తులో కూర్చున్నాను. మన దగ్గర నేల టిక్కెట్టయితే అక్కడ ఆకాశం టిక్కెట్టన్నమాట! కిందికి చూస్తే కాళ్ళు వణికాయిగానీ స్టేజి మాత్రం అరచేతిలో వున్నట్టుంది.

ఇంతకీ వెరైటీ అంటే కథ వుండదు. ఓ పాట, ఓ గారడీ, ఓ మూకాభినయం... వరసగా వచ్చిపోతుంటాయి. నాలుగు నిమిషాలు నవ్వు రాకపోతే పై గ్యాలరీ వూరుకోదు. ఆ కొలిమిలో కాలినవాడే మన చార్లీ చాప్లిన్! ఇక్కడ ఆడాడు. 1910లో ఫ్రెడ్ కార్నో ట్రూపుతో ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. అదే ఓడలో స్టాన్ లారెల్ కూడా వున్నాడు. ఆయనా యీ స్టేజి ఎక్కినవాడే. మూగ సినిమాల్లో చార్లీ జారిపడితే పొట్ట పట్టుకుని నవ్వుతామే, ఆ టైమింగ్ యిలాంటి హాళ్ళ జనం నేర్పిందే.

తమాషా ఏమిటంటే, కట్టినప్పుడే యిందులో ప్రొజెక్టరు గది పెట్టారు! తనను మింగబోయే పాముకి వెరైటీ తానే పాలు పోసిందన్నమాట. సినిమా సగం మింగితే టెలివిజన్ మిగతా సగం మింగింది. 1950లలో హాలు టీవీ స్టూడియో అయింది. 1963లో బింగో హాలయింది - బింగో అంటే మన తంబోలా. 1979లో గోపురాలు కూడా పీకేశారు. తర్వాత మళ్ళీ కట్టించక తప్పలేదనుకోండి!

1986లో రోలండ్ మల్డూన్ నాటక బృందం దీన్ని చేపట్టి, కొత్త హాస్యగాళ్ళకీ, నల్లజాతి కళాకారులకీ స్టేజి యిచ్చింది. 2001లో మూసి, బాగుచేయించి 2004లో తెరిచారు. పాత హాళ్ళు కూల్చి కాంప్లెక్సులు లేపడమే చూసిన నాకు, నిజం చెప్పొద్దూ, అసూయ వేసింది.

క్రిస్మస్‌కి ఇక్కడ పాంటోమైమ్ ఆడతారు. మగవాడు ఆడవేషంలో వస్తే పిల్లలు "వెనకాల చూడు!" అని కేకలు. వెళ్తే పై అంతస్తు టిక్కెట్టే తీసుకోండి.