ప్రి - ప్రో

ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా, కచేరిలో ఇంగ్లీషు - బరంపురమున మా తరమువారి బ్రతుకు ఇట్లే గడచినది. మూడింటిలో మమ్ము మిక్కిలి యేడిపించినది చివరిదే. మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన మాకు ఇంగ్లీషు మాటలు మొదటి రెండక్షరములను బట్టియే పరిచితములు. తక్కినది ఊహించుకొనెడివారము.

1986లో ఒకనాడు అధికారిగారు స్వహస్తముతో వ్రాసిన ఉత్తరువొకటి శుద్ధప్రతికై మా బల్లమీదికి వచ్చెను. విడికాగితములపై లెక్కలు వ్రాయుట 'ప్రోస్క్రైబ్డ్' అని యందుండెను. అట్టి మాట మేమెన్నడును వినలేదు. 'ప్రిస్క్రైబ్డ్' అని వ్రాయబోయి తొందరలో పొరబడిరని తలచి, ఒకింత గర్వముతోనే దిద్ది టైపునకు పంపితిమి. నిషేధము కాస్తా విధియైనది! వారము తిరుగకమునుపే విడికాగితముల కట్టలు వచ్చి పడగా తప్పు బయల్పడెను. నింద టైపు చేసిన కుఱ్ఱవానిపై బడినది. అతడు మా మొగము వంక జూచెను. మేము పెన్సిలు చెక్కుకొనుచుంటిమి. అతనిచే క్షమాపణపత్రము వ్రాయించుకొనిరి. మూడవనాడు గాని లోపలికి బోయి నిజము చెప్పుటకు మాకు నోరు రాలేదు. అధికారిగారు కోపింపక, నిఘంటువు కొనుక్కొమ్మని మాత్రమనిరి. ఆ పత్రము మాత్రము ఫైలులోనే యుండిపోయినది.

ఆ నెల జీతముతో శంకరనారాయణగారి నిఘంటువు కొంటిమి. పిదప తెలియవచ్చిన దేమనగా, రెండు మాటలకును మూలము లాటినులో 'వ్రాయు' అను ధాతువే. 'ప్రి' యనగా ముందు. ముందుగా వ్రాసి యిచ్చినది విధి. వైద్యుని మందుచీటియు నట్టిదే. 'ప్రో' యనగా ఇచట బహిరంగముగా నని. క్రీ.పూ. 82లో రోమునగరమున సుల్లా తన శత్రువుల పేర్లు వ్రాయించి నలుగురు చూచునట్లు ప్రకటించెను. ఆ పట్టీలో పేరెక్కినవానిని చంపినవానికి శిక్ష లేదు, బహుమానమే; చచ్చినవాని ఆస్తి జప్తు. ఒక్క అక్షరమున నింత నెత్తురున్నదని మేమేమి యెఱుగుదుము? ఆహార విహార సంహారములలో ధాతువొక్కటే యైనను ఉపసర్గ అర్థమును ఎటో ఈడ్చుకొనిపోవునని చిన్ననాడు పంతులుగారు చెప్పనే చెప్పిరి. మన 'ప్ర'యు వారి 'ప్రో'యు ఒక్క పూర్వభాషనుండి పుట్టినవేయట!

అటుపిమ్మట ఇట్టి జంటలను ఏరుట మాకొక వ్యసనమైనది. 'పెర్క్విజిట్' జీతముపై వచ్చు అదనపు లాభము, 'ప్రిరిక్విజిట్' ముందుగా నుండవలసిన అర్హత. కచేరిలో మొదటిదానిని కోరువారే గాని రెండవదానిని తలచువారు తక్కువ. 'ప్రాసిక్యూట్' అభియోగము నడపుట, 'పర్సిక్యూట్' వేధించుట. వ్యాజ్యములలో నలిగినవారికి ఈ భేదము తెలియదేమో. 'ప్రాడిజీ' అద్భుత ప్రజ్ఞాశాలి, 'ప్రాడిగల్' దుబారా మనిషి. బైబిలు కథను మనవారు 'తప్పిపోయిన కుమారుడు' అనుటచే, ఆ మాటకు తప్పిపోయినవాడనియే అర్థమని మేము చాలకాలము నమ్మియుంటిమి.

ఇప్పుడు మా మనుమరాలి ఫోను తానెఱుగని మాట కనబడినంతనే దిద్దివేయుచున్నది. మా యింటిపేరును సైతము విడువలేదు. దానిపై కోపగించుకొనుటకు మాకు నోరాడదు.

ఆ టైపు కుఱ్ఱవాడును ఉద్యోగము విరమించినాడు. నాటి సంగతి యెన్నడు నెత్తలేదు. ఉగాది సభలో కనబడినపుడు మేమే ముందుగా నమస్కరించుచుందుము.